మగ్గడం వేరు, వేగడం వేరు: రోస్ట్ కూరగాయల్లో నీటి లెక్క

ఒకే కాలీఫ్లవర్, ఒకే నూనె, ఒకే ఓవెన్. ఒకరోజు పువ్వుల అంచులు ఎర్రగా వేగి, నోట్లో పెట్టుకోగానే కమ్మగా, కాస్త తియ్యగా ఉంటాయి. ఇంకోరోజు అదే కాలీఫ్లవర్ పాలిపోయి, తడితడిగా, ఉడుకు వాసనతో బయటికొస్తుంది. పిల్లలు ఒక ముక్క కొరికి పక్కన పెట్టేస్తారు. రెసిపీలో చెప్పిన 200 డిగ్రీలూ, 25 నిమిషాలూ రెండు రోజులూ ఒకటే. అయినా ఇలా ఎందుకైంది? చాలామందికి అనుమానం మసాలా మీదికో, ఓవెన్ మీదికో పోతుంది. అసలు కారణం ఎక్కువసార్లు ముక్కలో ఉన్న నీరు, అది బయటికి పోవడానికి దొరికిన దారి.

ఈ తేడా చెప్పడానికి తెలుగులో చక్కని మాటలు రెండున్నాయి: మగ్గడం, వేగడం. తన ఆవిరిలో తానే మెత్తబడితే ముక్క మగ్గినట్టు. పైన తడి ఆరిపోయి, రంగూ వాసనా మారితే వేగినట్టు. రాత్రి భోజనంలో ప్రధాన వంటకం పక్కన వడ్డించే రోస్ట్ కూరగాయలు బాగా రావాలంటే పట్టుకోవాల్సింది ఈ తేడానే. మసాలాలు, సాస్‌లు ఆ తర్వాతి సంగతి.

తడి ఉన్నంతసేపు వంద డిగ్రీలే

కాలీఫ్లవర్ బరువులో సుమారు 92 శాతం నీరే. క్యారెట్‌లో 88 శాతం, బంగాళాదుంపలో 79, చిలగడదుంపలో 77, టమాటాలో 94 శాతం దాకా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే గట్టిగా తగిలే క్యారెట్ కూడా నిజానికి చాలావరకు నీళ్ల మూటే.

నీరు వంద డిగ్రీల దగ్గర మరుగుతుంది (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోవే). ఓవెన్ 220 డిగ్రీల్లో ఉన్నా సరే, ముక్క పైన తడి ఉన్నంతసేపు ఆ పైభాగం వేడి వంద దాటదు. వచ్చిన వేడినంతా నీరు ఆవిరి కావడానికే లాగేసుకుంటుంది. ఒక గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి వంద డిగ్రీలకు తేవడానికి 100 కేలరీల వేడి సరిపోతుంది. ఆ మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి మాత్రం ఇంకో 540 కేలరీలు కావాలి. అంటే ఓవెన్ పడే కష్టంలో పెద్ద వాటా ముక్కను వేడిచేయడానికి కాదు, నీటిని సాగనంపడానికే పోతోంది. కడిగిన కూరగాయల్ని ఆరబెట్టకుండా అలాగే ట్రేలో పరిస్తే ఈ పని ఇంకా పెరుగుతుంది. శుభ్రమైన గుడ్డతో ఒత్తి తుడిస్తే ఓవెన్‌కి ఆ పని తప్పుతుంది.

తడి ఆరాక పైభాగం వేడి 140 డిగ్రీలు దాటుతుంది. అక్కడి నుంచి అసలు మార్పు వేగం అందుకుంటుంది. కూరగాయలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు ఒకదానితో ఒకటి చర్య జరిపి వందలాది కొత్త వాసనల్నీ, ఆ ఎర్రటి రంగునీ పుట్టిస్తాయి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరు మీదే మయ్యార్ చర్య అంటారు. ఆ చర్య ఏయే మెట్లలో జరుగుతుందో 1953లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ హాడ్జ్ ఒక క్రమంలో పెట్టి చూపించాడు. రోస్ట్ చేసిన క్యారెట్ తియ్యగా ఉండటానికి మాత్రం ఇంతకన్నా సులువైన కారణం ఉంది. నీరు పోయింది, చక్కెర మిగిలింది. అదే చక్కెర తక్కువ బరువులో చిక్కబడింది. ఉల్లిపాయ విషయంలో ఇంకో మేలు కూడా జరుగుతుంది: కళ్లు మండించే గంధకపు ఘాటు వేడికి తగ్గిపోయి, దాని చాటున ఉన్న తీపి బయటపడుతుంది.

ట్రే మీద ఖాళీ

వంటింట్లో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. ఇంట్లో నలుగురైదుగురున్నారని రెండు కిలోల ముక్కలు ఒకే ట్రేలో కుక్కేస్తారు. కష్టమంతా తరగడంలో పడి, ఫలితం మాత్రం ట్రేలో పోగొట్టుకోవడం అంటే ఇదే.

లెక్క వేసి చూద్దాం. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న ట్రే వైశాల్యం 1200 చదరపు సెంటీమీటర్లు. ఒక కిలో క్యారెట్‌ను రెండు సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే సుమారు 125 ముక్కలొస్తాయి. ఒక్కో ముక్క నాలుగు చదరపు సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది, మొత్తం 500. అంటే ముక్కకీ ముక్కకీ మధ్య సెంటీమీటరు ఖాళీ మిగులుతుంది. ఆవిరి పోవడానికి అది చాలు. అదే రెండు కిలోలు పోస్తే ముక్కలకే 1000 చదరపు సెంటీమీటర్లు పోతుంది. ఇక అన్నీ ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి. ఒక ముక్క వదిలిన ఆవిరి పక్క ముక్కకు తగులుతుంది. అప్పుడు ట్రేలో జరిగేది మగ్గడమే.

ఆ ఆవిరి ఎంతో ఊహించడం కూడా కష్టమే. రోస్ట్ అయ్యేసరికి కిలో కూరగాయలు మూడోవంతు దాకా బరువు తగ్గడం మామూలు. 300 గ్రాముల నీరు పోయిందనుకుంటే, ఒక గ్రాము నీరు మరిగి 1.7 లీటర్ల ఆవిరి అవుతుంది కాబట్టి మొత్తం 500 లీటర్ల ఆవిరి. ఇంట్లో వాడే ఓవెన్ లోపలి చోటు సాధారణంగా 30 నుంచి 60 లీటర్లు. తలుపు సందుల్లోంచీ, వెనకున్న రంధ్రంలోంచీ కొంత పోయినా, లోపల చెమ్మ నిండిపోతుంది. అందుకే పది, పదిహేను నిమిషాలకు ఒకసారి తలుపు కొద్దిగా తెరిస్తే గుప్పున ఆవిరి బయటికొస్తుంది. కాస్త వేడి పోయినా ఫర్వాలేదు, ఆ చెమ్మ పోవడమే లాభం. ఫ్యాన్ ఉన్న ఓవెన్ బాగా వేయించడానికి కారణం కూడా ఇదే: కదిలే గాలి ముక్కను చుట్టుకున్న తడి పొరను ఊడ్చేస్తుంది. ఫ్యాన్ వేసినప్పుడు రెసిపీలో చెప్పిన వేడి కన్నా 20 డిగ్రీలు తగ్గించాలి.

ఎక్కువ మందికి కావాలంటే దారి ఒక్కటే, రెండు ట్రేలు. సగం సమయం అయ్యాక పైదాన్ని కిందికీ, కిందిదాన్ని పైకీ మార్చాలి. లోతైన గిన్నె కన్నా అంచులు పొట్టిగా ఉన్న ట్రే మేలు, ఎత్తు గోడలు ఆవిరిని పట్టి ఉంచుతాయి. తళతళలాడే ట్రే వేడిని వెనక్కి కొడుతుంది, ముదురు రంగు ట్రే లాక్కుంటుంది. కాబట్టి అదే సమయానికి ముదురు ట్రేలో అడుగు ఎక్కువ ఎర్రబడుతుంది. గాజు పాత్ర నెమ్మదిగా వేడెక్కుతుంది, ఈ పనికి అంతగా నప్పదు. ఖాళీ ట్రేని ఓవెన్‌తో పాటే వేడి చేసి, ముక్కలు పడగానే చుయ్‌మనేలా చేస్తే కింది వైపు వెంటనే వేగడం మొదలవుతుంది.

కోతలోనే సగం వంట

ముక్క లోపలికి వేడి చేరే సమయం దాని మందంతో పాటు పెరుగుతుంది, అదీ సరిసమానంగా కాదు. మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. రెండు సెంటీమీటర్ల బంగాళాదుంప ముక్కా, నాలుగు సెంటీమీటర్ల ముక్కా ఒకే ట్రేలో ఉంటే, పెద్దది ఉడికేలోపు చిన్నది మాడిపోతుంది. అందువల్ల ముక్కలు అందంగా లేకపోయినా ఫర్వాలేదు, ఒకే సైజులో ఉండాలి. చదునైన ముఖం ఉండటం ఇంకా మంచిది. కాలీఫ్లవర్ పువ్వును గుండ్రంగా వదిలేయకుండా నిలువుగా రెండుగా చీల్చి, కోసిన వైపు ట్రేకి ఆనించి పెడితే ఆ ముఖమంతా వేగుతుంది. గుండ్రటి పువ్వు ట్రేకి తగిలేది ఒకటి రెండు చోట్లే.

రంగురంగుల మిక్స్‌డ్ వెజిటబుల్ ట్రే ఫోటోలో ఎంత బాగున్నా, తినేటప్పుడు తరచూ నిరాశ పెడుతుంది. క్యారెట్, బీట్‌రూట్, బంగాళాదుంప 35 నుంచి 45 నిమిషాలు అడుగుతాయి. కాలీఫ్లవర్, ఉల్లిపాయ, క్యాప్సికమ్‌కి 20 నుంచి 30 చాలు. బీన్స్ 12 నుంచి 15 నిమిషాల్లో అయిపోతాయి. వీటన్నిటినీ ఒకేసారి పెడితే ఒకటి పచ్చిగా, ఒకటి మాడి, ఒకటి నీరుగారి వస్తాయి. కలిపే వడ్డించాలనుకుంటే గట్టివాటిని ముందు పెట్టి, 15 నిమిషాలయ్యాక మిగతావి, చివరి 15 నిమిషాలకు బీన్స్ చేర్చాలి. టమాటాను మాత్రం వేరుగా ఉంచడమే మంచిది. దాని నీరు పక్కనున్న ముక్కలన్నిటినీ తడిపేస్తుంది.

నూనె విషయంలో ఒక అపోహ ఉంది. అది కేవలం రుచి కోసమని, ఆరోగ్యం పేరుతో తీసేయొచ్చని అనుకుంటారు. కూరగాయ పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది. ట్రేకీ ముక్కకీ మధ్య మిగిలే సన్నటి గాలి సందుల్ని నూనె నింపి వేడిని లోపలికి చేరుస్తుంది. అసలే లేకపోతే ముక్క వేగదు, ఎండి ముడుచుకుని తోలులా సాగుతుంది. కిలో ముక్కలకు రెండు మూడు టేబుల్ స్పూన్లు, అంటే 30 నుంచి 45 మిల్లీలీటర్లు సరిపోతుంది. ట్రే మీద ధారగా పోస్తే కొన్ని ముక్కలు మునుగుతాయి, కొన్నిటికి అంటదు. పెద్ద గిన్నెలో వేసి చేత్తో పట్టించాలి. వంకాయ లోపల స్పాంజిలా గాలి గదులుంటాయి కాబట్టి ఎంత పోస్తే అంత పీల్చేస్తుంది. దానికి ముందుగా ఉప్పు రాసి అరగంట ఉంచి, ఊరిన నీరు తుడిచేసి, బ్రష్‌తో నూనె పూస్తే తక్కువలో పోతుంది.

ఉప్పు అన్నిటికీ అలా ముందు వేయకూడదు. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. మసాలా పట్టాలని క్యారెట్‌కీ, కాలీఫ్లవర్‌కీ ఉప్పు కలిపి అరగంట పక్కన పెడితే అడుగున నీరు చేరుతుంది, ఆ నీరంతా ట్రేలోకే పోతుంది. ఓవెన్‌లోకి వెళ్లే ముందు క్షణంలో వేస్తే చాలు.

ముక్కల్ని పదే పదే కదపకూడదు. అట్లకాడతో తిప్పబోతే ఊడిరాక అంటుకుంటోందంటే అది ఇంకా వేగలేదని గుర్తు. అడుగు ఎర్రబడ్డాక చాలావరకు తనంతట తనే వదులుతుంది. 200 నుంచి 220 డిగ్రీల మధ్య పెట్టి, సగం సమయానికి ఒక్కసారి తిప్పితే చాలు.

మగ్గడం అవసరమయ్యే చోట్లు

ఇంతసేపూ మగ్గడాన్ని తప్పుగా చెప్పినా, కొన్ని కూరగాయలకు అది ముందు మెట్టు. బీట్‌రూట్‌ని తొక్కతోనే అల్యూమినియం రేకులో చుట్టి 45 నుంచి 60 నిమిషాలు మగ్గనిచ్చి, తొక్క ఒలిచి, ముక్కలు కోసి, అప్పుడు మూత లేకుండా పదిహేను నిమిషాలు వేయిస్తే లోపల మెత్తగా, అంచున చిక్కగా ఉంటుంది. లావు క్యారెట్లకు కూడా మొదటి పది నిమిషాలు ట్రే మీద రేకు కప్పి, తర్వాత తీసేయొచ్చు. మెత్తబడటం ఆవిరి పని, ఎర్రబడటం పొడి వేడి పని. రెండూ కావాలంటే ఆ వరుసలోనే జరగాలి.

బంగాళాదుంప ఈ సూత్రానికి అన్నిటికన్నా బాగా లొంగుతుంది. ముక్కల్ని ముందు నీళ్లలో ముప్పాతిక భాగం ఉడికించి వార్చాలి. రెండు లీటర్ల నీటికి అర టీస్పూను వంట సోడా వేస్తే, కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ క్షారానికి త్వరగా కరిగి, ముక్క పైభాగం గుజ్జుగా తయారవుతుంది. నీరు వార్చేసి, ఆవిరంతా పోయేదాకా ఆరనిచ్చి, నూనె వేసి గిన్నెను గట్టిగా కుదిపితే పైన పిండి పూత ఏర్పడుతుంది. ఓవెన్‌లో అదే కరకరలాడే పొర అవుతుంది. ఆరనివ్వడం మానేస్తే మాత్రం పడిన శ్రమంతా వృథా.

చిలగడదుంపది వేరే దారి. దానిలో పిండి పదార్థాన్ని మాల్టోస్ అనే చక్కెరగా మార్చే ఎంజైమ్ ఉంది. అది సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేస్తుంది, ఇంకా వేడెక్కితే చచ్చిపోతుంది. దుంప ఆ వేడిలో ఎక్కువసేపు ఉంటే అంత తియ్యగా అవుతుంది. అందుకే మైక్రోవేవ్‌లో గబగబా ఉడికిన చిలగడదుంప చప్పగా, నెమ్మదిగా కాలింది తేనెలా ఉంటుంది. దీనికి మాత్రం వేడెక్కని ఓవెన్‌లోనే ట్రే పెట్టి, ఆ తర్వాత స్విచ్ వేయడం మంచి పద్ధతి.

క్యాబేజీ, బ్రకోలీ, కాలీఫ్లవర్ కుటుంబానికి ఇది పూర్తిగా తిరగబడుతుంది. వీటిలోని గంధకపు పదార్థాలు సన్నటి వేడిలో చాలాసేపు మగ్గితే ఆ ముక్కు మూసుకునే వాసనను వదులుతాయి. ఎక్కువ వేడి, తక్కువ సమయం వీటికి సరైన పద్ధతి. ఇదే కుటుంబపు కూరగాయల్లో ఉండే చేదు అందరికీ ఒకేలా తెలియదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. చేదును గుర్తించే టీఏఎస్2ఆర్38 అనే జన్యువు మనిషికీ మనిషికీ మారుతుంది. తల్లికి కమ్మగా ఉన్న బ్రకోలీ బిడ్డకు నిజంగానే చేదుగా ఉండొచ్చు. అలాంటప్పుడు కసరడం కన్నా, ఆ పిల్లవాడి వాటా ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ వేయించి, కాస్త ఉప్పు చల్లి చూడటం న్యాయం. ఉప్పు చేదును అణుస్తుంది.

రుచులు ఎప్పుడు చేర్చాలి

వెల్లుల్లి తరుగు 220 డిగ్రీల్లో పది నిమిషాలకే మాడి చేదెక్కుతుంది. తొక్కతో ఉన్న రెబ్బల్ని మొదటి నుంచీ వేయొచ్చు, లోపల వెన్నలా మెత్తబడతాయి. తరుగైతే చివరి ఐదు నిమిషాల్లోనే. మిరియాల పొడి, కారం, తేనె కూడా అంతే. జీలకర్ర, నువ్వులు వేరే బాణలిలో వేయించి పైన చల్లితే వాటి వాసన నిలుస్తుంది. నిమ్మరసం ప్లేటులోకి వచ్చాకే పిండాలి. పులుపు పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది కాబట్టి ముందే వేస్తే ముక్క మెత్తబడటం ఆలస్యమవుతుంది. పైగా బీన్స్, బ్రకోలీ పచ్చదనం పోయి నిస్తేజంగా తయారవుతాయి.

ఇంతవరకూ వచ్చాక రెసిపీ పుస్తకంతో పెద్ద అవసరం ఉండదు. కాలీఫ్లవర్‌కి వేయించిన జీలకర్ర, నిమ్మరసం. క్యారెట్‌కి మెత్తబడ్డ వెల్లుల్లి, మిరియాలు. గుమ్మడికాయకి మిరప తునకలు, నువ్వులు. బీన్స్‌కి ఉప్పు, పైన నలిపిన వేరుశెనగలు. ఒక్క కూరగాయ, రెండు రుచులు. అంతకు మించితే కూరగాయ రుచి వెనక్కి పోతుంది.

రంగు విషయంలో మాత్రం అత్యాశ వద్దు. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు పిండి పదార్థాలున్న ఆహారాన్ని ఎక్కువ వేడిలో వేయించినప్పుడు అక్రిలమైడ్ ఏర్పడుతుందని బయటపెట్టారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది క్యాన్సర్ తెచ్చే పదార్థంగా తేలింది. 120 డిగ్రీలు దాటాక, ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో కలిసి దీన్ని తయారుచేస్తుంది. బంగాళాదుంపలో ఆ రెండూ పుష్కలం. అలాగని టెన్షన్ పడి రోస్ట్ మానేయక్కర్లేదు. బంగారు రంగు రాగానే దించేయాలి, ముదురు గోధుమ రంగు దాకా ఆగకూడదు, అంతే. పోషకాల లెక్కలో రోస్ట్‌కి మంచి పేరే ఉంది. నీళ్లలో ఉడికిస్తే విటమిన్ సి, పొటాషియం కొంత ఆ నీటిలోకి పోతాయి. ట్రేలో అలా పోవు, కానీ వేడికి విటమిన్ సి కొంత తగ్గడం తప్పదు. క్యారెట్, గుమ్మడికాయల్లోని బీటా కెరోటిన్ ఒంటపట్టడానికి నూనె తోడ్పడుతుంది.

ఓవెన్ లేకపోయినా ఇబ్బంది లేదు. మందమైన ఇనుప పెనం మీద, మూత పెట్టకుండా, ఒకే వరుసలో పరిచి వేయిస్తే సూత్రం అదే. ఎయిర్ ఫ్రయ్యర్ పేరు ఏదైనా, అది నిజానికి చిన్న ఫ్యాన్ ఓవెన్. బుట్ట చిన్నది కాబట్టి ఒక్కో విడతకు అర కిలోకి మించి పట్టించకూడదు.

వడ్డించే వేళ

దించిన పది నిమిషాల్లోనే ముక్క లోపలి చెమ్మ పైకి చేరి కరకర తగ్గడం మొదలవుతుంది. మూత పెట్టినా, లోతు గిన్నెలో కుప్పగా పోసినా ఆవిరి లోపలే తిరిగి మళ్లీ మగ్గబెడుతుంది. వెడల్పాటి ప్లేటులో పరిచి వెంటనే బల్ల మీదికి తేవాలి. కాబట్టి వంటల వరుసలో రోస్ట్‌ది చివరి స్థానం. ప్రధాన వంటకం 180 డిగ్రీల్లో ఓవెన్‌ని ఆక్రమించి ఉంటే, అది దించి పక్కన ఆరుతున్నప్పుడు వేడి 220కి పెంచి కూరగాయలు పెట్టొచ్చు. తరగడం పొద్దున్నే ముగించి, తడి లేకుండా, ఉప్పు వేయకుండా ఫ్రిజ్‌లో ఉంచుకుంటే సాయంత్రం హడావిడి ఉండదు.

మిగిలినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి. రేకులో చుట్టి కాల్చిన బంగాళాదుంపల్ని అలాగే బయట వదిలేయడం మరీ ప్రమాదం. గాలి తగలని ఆ రేకు లోపల బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరగగలదు. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో ఇలాంటి దుంపలతో చేసిన డిప్ తిని 30 మంది జబ్బుపడ్డారు. మరుసటి రోజు వేడి చేసేటప్పుడు మైక్రోవేవ్ వద్దు, అది తడినే పైకి తెస్తుంది. బాగా కాలిన పెనం మీద, నూనె చుక్క కూడా లేకుండా మూడు నాలుగు నిమిషాలు పరిచి ఉంచితే అంచులు మళ్లీ గట్టిపడతాయి.